లేజర్‌తో చూపు సరిచేయించుకోవడం: పరీక్షల గది నుంచి ఆరో నెల దాకా

లేజర్ ఆపరేషన్ అనగానే చాలామందికి భయమంతా ఆ బల్లమీద పడుకునే కాసేపటి గురించే. రెండు కళ్ళకూ కలిపి అక్కడ గడిచేది పావుగంట నుంచి అరగంట. అందులోనూ లేజర్ కంటిమీద పనిచేసేది కన్నుకి ఒక నిమిషం అటూఇటూ. చూపు ఎంత బాగా కుదురుతుందన్నది మాత్రం అంతకుముందు తీసే కొలతల్లోనూ, ఆ తర్వాత వారాల తరబడి వేసుకునే చుక్కల మందుల్లోనూ తేలుతుంది. ఇక్కడ కూడా ఆ రెండింటికే ఎక్కువ చోటు.

లేజర్ చేసేదేమిటి, చేయనిదేమిటి

నల్లగుడ్డు మీద వాచీ అద్దంలా కప్పి ఉండే పారదర్శకమైన పొర కార్నియా. మధ్యలో దాని మందం సుమారు 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు పైచిలుకు. కంటికున్న ఫోకస్ శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులు దీనిదే. మైనస్ పవర్ ఉన్న కంట్లో వెలుతురు రెటీనా దాకా, అంటే కంటి వెనక బొమ్మ పడే తెర దాకా, చేరకముందే ఒకచోట కలుస్తుంది. కార్నియా మధ్యభాగాన్ని కాస్త చదును చేస్తే ఆ కలిసే చోటు వెనక్కి జరిగి రెటీనా మీద పడుతుంది. ప్లస్ పవర్ అయితే మధ్యభాగాన్ని వదిలేసి చుట్టూ చెక్కుతారు. దాంతో మధ్యలో వంపు పెరుగుతుంది. సిలిండర్ పవర్ ఉంటే ఒక దిశలో ఎక్కువ, దానికి అడ్డ దిశలో తక్కువ చెక్కుతారు.

చెక్కే పని చేసేది ఎక్సైమర్ లేజర్, 193 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి. ఒక్కో పల్స్‌కి లేచిపోయేది సుమారు పావు మైక్రాను. ఇది కాల్చదు. కణజాలంలోని అణువుల బంధాలను తెంపి ఆవిరిలా ఎగరగొడుతుంది కాబట్టి చుట్టుపక్కలకి వేడి పాకదు. ఈ గుణాన్ని 1981లో ఐబీఎం పరిశోధనశాలలో రంగస్వామి శ్రీనివాసన్ బృందం కనిపెట్టింది. మొదట ప్రయోగించింది పండగ భోజనంలో మిగిలిన టర్కీ కోడి ముక్క మీద.

చేయనిదేమిటంటే, నలభై దాటాక వచ్చే చత్వారాన్ని లేజర్ ఆపలేదు. చత్వారం కార్నియాది కాదు, లోపలి లెన్సు బిగుసుకుపోవడం వల్ల వచ్చేది. మైనస్ 2 ఉన్నవాళ్ళు యాభై ఏళ్ళకి అద్దాలు తీసేసి హాయిగా పేపరు చదువుకుంటారు. దూరపు చూపు పూర్తిగా సరిచేయించుకుంటే ఆ సౌకర్యం పోతుంది, చదవడానికి అద్దాలు కావాల్సి వస్తుంది. నలభైకి దగ్గర పడ్డవారికి ఈ మాట ఆపరేషన్ తర్వాత కాదు, ముందే చెప్పాలి. కావాలంటే ఒక కంటిని దూరానికి, రెండోదాన్ని మైనస్ 1.25 లేదా 1.5 దగ్గర వదిలేసి దగ్గరి చూపుకి సర్దవచ్చు. అయితే అది అందరి మెదడుకీ ఒప్పదు. ముందు కొన్నాళ్ళు కాంటాక్ట్ లెన్సులతో అలా చూసి, సరిపడితేనే లేజర్‌తో స్థిరం చేసుకోవాలి.

మొదటి మెట్టు: అసలు మీకు పనికొస్తుందా

వయసు 18 నిండాలి. అంతకన్నా ముఖ్యం, ఏడాదిగా పవర్ అర డయాప్టర్ (అద్దాల చీటీలో 0.5) కన్నా ఎక్కువ మారకూడదు. పవర్ ఇంకా పెరుగుతుండగా చేయించుకుంటే ఆ పెరుగుదల ఆగదు, రెండేళ్ళకి మళ్ళీ అద్దాలు. పాత చీటీలు దొరికినన్ని పట్టుకెళ్ళండి. పవర్ నిలకడగా ఉందనడానికి వాటికి మించిన సాక్ష్యం లేదు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆగాలి. హార్మోన్ల వల్ల పవర్ మారుతుంది, కన్ను పొడిబారుతుంది. అదుపులో లేని మధుమేహం, అదుపులో లేని కీళ్ళవాతం వంటి స్వయంరోగనిరోధక జబ్బులు, కంట్లో హెర్పిస్ వచ్చిన చరిత్ర, బాగా పొడిబారిన కళ్ళు, ముదిరిన నీటికాసులు (గ్లకోమా) ఉంటే సాధారణంగా వద్దంటారు. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతున్న సంగతి దాచకండి. అది కంటిని ఎండగడుతుంది, గాయం మానడాన్నీ దెబ్బతీయవచ్చు. చాలామంది దాన్ని చర్మం మందే కదా అనుకుని చెప్పరు.

రెండో మెట్టు: కాంటాక్ట్ లెన్సులు మానడం

లెన్సు రోజూ కార్నియా మీద కూర్చుని దాని ఆకారాన్ని కొంచెం నొక్కేస్తుంది. లెన్సు తీసి నేరుగా పరీక్షకి వెళ్తే కొలిచేది మీ కార్నియాని కాదు, లెన్సు వేసిన అచ్చుని. మెత్తటి లెన్సులు కనీసం ఒకటి రెండు వారాలు, సిలిండర్ పవర్‌వి రెండు మూడు వారాలు, గట్టి లెన్సులు కనీసం మూడు నాలుగు వారాలు మానాలి. ఏళ్ళ తరబడి గట్టి లెన్సులు వాడినవారికి నెలలు కూడా పట్టవచ్చు. వారం తేడాతో రెండుసార్లు కొలిచినప్పుడు రెండూ ఒకేలా వస్తేనే కార్నియా అసలు రూపానికి వచ్చినట్టు. ఈ మెట్టు దగ్గర అబద్ధం చెబితే నష్టం చెప్పినవారికే. పెళ్ళికి వెళ్ళాలని రెండు రోజులు మళ్ళీ పెట్టుకున్నా సరే చెప్పేయండి, లెక్క మొదటినుంచి మొదలవుతుంది, అంతే.

మూడో మెట్టు: పరీక్షలు, మైక్రాన్ల లెక్క

దీనికి రెండు మూడు గంటలు పడుతుంది. పాప పెద్దది చేసే చుక్కలు వేస్తారు కాబట్టి ఆ పూట బండి నడపలేరు, దగ్గరి అక్షరాలు అలుక్కుపోతాయి. చుక్కలు వేయకముందు ఒకసారి, వేశాక ఒకసారి పవర్ చూస్తారు. ముఖ్యంగా కుర్రవాళ్ళు కంటి కండరాన్ని బిగించి చూసే అలవాటు వల్ల మైనస్ ఎక్కువగా కనబడవచ్చు. చుక్కలు ఆ బిగువును వదిలిస్తాయి. కన్నీటి పరీక్షలో రెప్ప అంచున సన్నటి కాగితం ముక్క ఐదు నిమిషాలు ఉంచుతారు. 10 మి.మీ. కంటే తక్కువ తడిస్తే కన్నీళ్ళు తక్కువని అనుమానం, 5 కంటే తక్కువైతే ముందు దానికి వైద్యం. చీకట్లో కంటిపాప ఎంత పెద్దదవుతుందో కొలుస్తారు. రెటీనా అంచులదాకా చూస్తారు. ఎక్కువ మైనస్ ఉన్న కళ్ళలో అక్కడ పలచబడ్డ చోట్లు, చిన్న రంధ్రాలు ఉండవచ్చు. అవసరమైతే ముందు వాటిని వేరే లేజర్‌తో మూయాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది టోపోగ్రఫీ, టోమోగ్రఫీ. రంగురంగుల పటంలా కార్నియా ముందు, వెనక వంపులనూ మందాన్నీ చూపే పరీక్షలు. వెతికేది కెరటోకోనస్‌ని. అది కార్నియా పలచబడి ముందుకు పొడుచుకొచ్చే జబ్బు. పైకి ఏమీ తెలియని తొలి దశలో దీన్ని పట్టుకోకుండా లేజర్ చేస్తే ఉన్న బలం కూడా పోయి కార్నియా ఉబ్బుతుంది. దాన్నే ఎక్టేషియా అంటారు; ఈ చికిత్సలో అందరూ భయపడేది దానికే. ఇంట్లో ఎవరికైనా కెరటోకోనస్ ఉన్నా, మీకు కళ్ళు నులుముకునే అలవాటున్నా తప్పక చెప్పండి.

ఇక లెక్క. ఇది మీరే కాగితం మీద వేసుకోవచ్చు. 6.5 మి.మీ. వెడల్పున చెక్కితే ఒక డయాప్టర్‌కి సుమారు 14 మైక్రాన్లు పోతాయి. లాసిక్‌లో కార్నియా పైన ఒక మూతను ఎత్తి కింద చెక్కుతారు; ఆ మూతే ఫ్లాప్, దాని మందం సుమారు 110 మైక్రాన్లు. కార్నియా మందం 530, పవర్ మైనస్ 4 అనుకుందాం. చెక్కేది 56, ఫ్లాప్ 110, కలిపి 166. అడుగున 364 మిగులుతుంది. కనీసం 250 మిగలాలన్నది పాత హద్దు, 300 ఉంటే మనసుకి నిబ్బరం. కదిలించిన 166 మొత్తం మందంలో 31 శాతం. ఇది 40 దాటకూడదన్నది రెండో హద్దు. రెండూ దాటలేదు, నడుస్తుంది.

ఇప్పుడు మందం 500, పవర్ మైనస్ 8. చెక్కేది 112, ఫ్లాప్ 110, మొత్తం 222. మిగిలేది 278, అంటే 250 హద్దు పైనే. కానీ కదిలించింది 44 శాతం. ఇక్కడ లాసిక్ వద్దనడమే సబబు. వెడల్పు 6 మి.మీ.కి తగ్గిస్తే డయాప్టర్‌కి 12 చొప్పున 16 మైక్రాన్లు ఆదా అవుతాయి. కానీ రాత్రిపూట కంటిపాప ఆ వెడల్పు దాటి తెరుచుకుంటే చెక్కిన అంచు దగ్గర వెలుతురు చెదిరి, దీపాల చుట్టూ వలయాలు కనబడతాయి. ఆదా చేసిన 16 మైక్రాన్లకి కట్టే మూల్యం అదీ. "మీకు కుదరదు" అన్న డాక్టరు మీద కోపం తెచ్చుకుని ఎక్కడో ఒకచోట కుదురుతుందని తిరిగేవారు ఈ లెక్క ఒకసారి వేసుకుంటే మంచిది.

నాలుగో మెట్టు: ఏ పద్ధతి

లాసిక్‌లో ఫెమ్టోసెకండ్ లేజర్‌తోనో, మైక్రోకెరటోమ్ అనే బ్లేడు పరికరంతోనో పైపొరను ఒకవైపు అతుకు ఉంచి పుస్తకం అట్టలా తెరుస్తారు. కింద చెక్కి, మళ్ళీ మూసేస్తారు. కుట్లు ఉండవు. మర్నాటికే చూపు వస్తుంది, నొప్పి కొన్ని గంటలే. కానీ ఆ మూత పూర్వపు బలంతో ఎప్పటికీ అతుక్కోదు. ఏళ్ళ తర్వాత కూడా గట్టి దెబ్బ తగిలితే జరిగే అవకాశం ఉంటుంది. బాక్సింగ్, కుస్తీ, కబడ్డీ ఆడేవారు దీని జోలికి పోకపోవడం మేలు.

పీఆర్‌కేలో మూత లేదు. పైనున్న 50 మైక్రాన్ల ఎపిథీలియం పొరను పలచటి ఆల్కహాలుతోనో, బ్రష్‌తోనో, లేజర్‌తోనో తీసి నేరుగా చెక్కుతారు. ఆ పొర నాలుగైదు రోజుల్లో మళ్ళీ పెరుగుతుంది. పలచటి కార్నియాకి, దెబ్బలు తగిలే పనులవారికి ఇదే తగినది. పైన చెప్పిన 500 మందం, మైనస్ 8 కంట్లో దీనితో 338 మిగులుతుంది. కానీ అంత ఎక్కువ పవర్‌కి మానేటప్పుడు హేజ్ అనే తెల్లటి మసక రావచ్చు. అది రాకుండా 0.02 శాతం మైటోమైసిన్ అనే మందులో తడిపిన స్పాంజిని కొన్ని సెకన్లు ఉంచి బాగా కడిగేస్తారు.

స్మైల్‌లో ఫెమ్టోసెకండ్ లేజర్ కార్నియా లోపలే ఒక చిన్న బిళ్ళను కోస్తుంది. 2 నుంచి 4 మి.మీ. గాటులోంచి డాక్టరు దాన్ని బయటికి లాగుతారు. కోసే నరాలు తక్కువ కాబట్టి పొడిబారడం కొంత తక్కువ. చూపు మాత్రం లాసిక్ కన్నా ఒకటి రెండు రోజులు ఆలస్యంగా తేటపడుతుంది. ఎక్కువగా మైనస్, సిలిండర్ పవర్లకి వాడతారు.

ఈ మూడూ కుదరని ఎక్కువ పవర్లకి, కార్నియాని ముట్టుకోకుండా కంటిలోపల అదనంగా లెన్సు అమర్చే దారి ఉంది. కొత్తగా వచ్చింది కదా అని పద్ధతిని ఎంచుకోవద్దు. మీ కార్నియా ఏది ఒప్పుకుంటే అదే మీకు మంచి పద్ధతి.

ఐదో మెట్టు: ఆ రోజు

ముందు మూడు రోజుల నుంచి కాటుక, మస్కారా మానండి. ఆ రోజు సెంటు, హెయిర్ స్ప్రే, ముఖానికి క్రీము వద్దు; వాటి ఆవిర్లు లేజర్ కాంతికి అడ్డొస్తాయి. కడుపు నిండా తినే వెళ్ళవచ్చు, మత్తు ఇంజెక్షను ఉండదు. వెంట ఒకరు ఉండాలి.

తిమ్మిరి చుక్కలు రెండు మూడు సార్లు వేస్తారు. రెప్పలు వాలకుండా చిన్న క్లిప్పు పెడతారు. చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ నొప్పి కాదు, బిగుతు. లాసిక్, స్మైల్‌లలో తర్వాత ఒక రింగు కంటిని పట్టుకుంటుంది. ఆ 20, 30 సెకన్లు కన్ను గట్టిగా నొక్కినట్టుంటుంది, చూపు మసకబారి కాసేపు పూర్తిగా చీకటి కావచ్చు. చూపు పోయిందని కంగారు పడేది ఇక్కడే. అది నొక్కుడు వల్లే, రింగు వదలగానే తిరిగొస్తుంది. మీరు చేయాల్సింది ఒకటే: తల కదపకుండా, రెండో కంటిని బిగించకుండా, ఊపిరి మామూలుగా తీసుకోవడం. గట్టిగా బిగిస్తే రింగు పట్టు వదలవచ్చు. అప్పుడు లేజర్ ఆగిపోతుంది. మళ్ళీ పెట్టి కొనసాగిస్తారు, లేదా ఇంకో రోజుకి వాయిదా వేస్తారు.

చెక్కేటప్పుడు మినుకుమినుకుమనే దీపాన్ని చూస్తూ ఉండమంటారు. అది మసగ్గా, విరిగిన చుక్కల్లా కనబడుతుంది. ఉన్నట్టు కనిపించిన చోటే చూడండి. టకటకమని చప్పుడు, వెంట్రుకలు కాలిన వాసన వస్తాయి. కన్ను కాలుతోందని కాదు, ఎగిరిపోయే కణజాలం వాసన అది. కన్ను కాస్త అటూఇటూ కదిలినా పరికరం దాన్ని వెంబడిస్తుంది, హద్దు దాటితే తానే ఆగుతుంది. తుమ్ము, దగ్గు వస్తే ముందే చెప్పండి, ఆపుతారు.

ఆరో మెట్టు: మొదటి రాత్రి, మొదటి వారం

లాసిక్ తర్వాత నాలుగు నుంచి ఆరు గంటలు కంట్లో నలక పడ్డట్టు మంట, ధారగా నీళ్ళు, వెలుతురు భరించలేకపోవడం ఉంటాయి. మందులు వేసుకుని పడుకుని నిద్రపోవడమే అన్నిటికన్నా మంచి వైద్యం. లేచేసరికి చాలా మటుకు తగ్గుతుంది. చూపు మసక గాజు అడ్డంపెట్టినట్టు ఉంటుంది, మర్నాటికి విడుతుంది. నిద్రలో చెయ్యి తగలకుండా ప్లాస్టిక్ కవచం వారం రోజులు రాత్రుళ్ళు పెట్టుకోవాలి.

పీఆర్‌కే వేరే కథ. కంటిమీద పట్టీలా పనిచేసే మెత్తటి లెన్సు నాలుగు నుంచి ఏడు రోజులు ఉంటుంది. రెండో రోజు, మూడో రోజు నొప్పి ఎక్కువ. మాత్రలు, చీకటి గది, మూసిన రెప్పలపై నొక్కకుండా చల్లటి గుడ్డ సాయపడతాయి. నొప్పి భరించలేక తిమ్మిరి చుక్కల సీసా అడిగి తెచ్చుకుని పదేపదే వేసుకోవడం ప్రమాదం. అది పొరను మాననివ్వదు, కార్నియా కరిగిపోయే దాకా వస్తుంది. లెన్సు దానంతటదే ఊడిపోతే కడిగి మళ్ళీ పెట్టుకోవద్దు, ఆసుపత్రికి వెళ్ళండి. చూపు వారానికి పనికొచ్చేంత, తేటగా రావడానికి నెల నుంచి మూడు నెలలు. ఈ మధ్యలో ఒకరోజు బాగుండి ఒకరోజు బాగుండకపోవడం మామూలే.

చుక్కల మందులు సాధారణంగా మూడు రకాలు. యాంటీబయాటిక్ రోజుకు నాలుగుసార్లు వారం పాటు. స్టెరాయిడ్ లాసిక్‌కి ఒకటి రెండు వారాలు, పీఆర్‌కేకి నెల నుంచి మూడు నెలలు మెల్లగా తగ్గిస్తూ. నిల్వమందు కలపని కృత్రిమ కన్నీళ్ళు మొదట్లో గంట గంటకీ. వేసే తీరు ఇదీ: చేతులు కడుక్కుని, తల వెనక్కి వాల్చి, కింది రెప్పను కిందికి లాగితే సంచిలా తెరుచుకుంటుంది, అందులో ఒక్క చుక్క. సీసా మూతి రెప్పకి తగలకూడదు. కన్ను పట్టగలిగేది ఒక చుక్క కన్నా తక్కువే. రెండోది బుగ్గ మీదికే. నిమిషం కళ్ళు మూసుకోండి. రెండో మందుకి ఐదు నిమిషాలు ఆగండి, వెంటనే వేస్తే మొదటిది కొట్టుకుపోతుంది.

స్టెరాయిడ్‌ని మీ అంతట మీరు ఆపడం ఒక తప్పు, బాగుందని నెలల తరబడి కొనసాగించడం ఇంకో తప్పు. ఎక్కువకాలం వాడితే కొందరికి కంటిలో ఒత్తిడి పెరుగుతుంది. పీఆర్‌కే వారికి ప్రతి సందర్శనలో అది కొలిపించాలి.

నెల రోజులు కళ్ళు నులమొద్దు. వారం పాటు స్నానంలో సబ్బు నీళ్ళు కళ్ళలో పడనీయొద్దు. ఈత రెండు నుంచి నాలుగు వారాలు, కళ్ళ అలంకరణ రెండు వారాలు మానాలి. బండి నడపడం లాసిక్‌లో మర్నాటి పరీక్ష అయ్యాక డాక్టరు సరేనంటేనే. పీఆర్‌కేలో వారం రెండు వారాలు ఆగాలి.

ఏడో మెట్టు: పొడిబారిన నెలలు

ఫ్లాప్ కోసేటప్పుడు కార్నియా నరాలు తెగుతాయి. కన్ను ఎండిందని మెదడుకి చెప్పేవి అవే. కాబట్టి కన్నీళ్ళు తగ్గుతాయి, రెప్ప కొట్టడమూ తగ్గుతుంది. చిత్రమేమిటంటే కొందరికి మంటలా కాక, చూపు హెచ్చుతగ్గులుగా తెలుస్తుంది. ఉదయం తేటగా, సాయంత్రం స్క్రీన్ ముందు మసగ్గా. రెప్ప నాలుగుసార్లు కొడితే మళ్ళీ తేట. అలా ఉంటే పవర్ మిగిలిపోయిందనుకోవద్దు, అది కన్నీటి పొర చేసే పని. నరాలు కోలుకోవడానికి ఆరు నెలల నుంచి ఏడాది. అప్పటిదాకా రోజుకి నాలుగైదుసార్లు కన్నీటి చుక్కలు, స్క్రీన్ ముందు ప్రతి 20 నిమిషాలకీ 20 సెకన్లు దూరంగా చూడటం, రెప్పలు పూర్తిగా కలిసేలా కొట్టడం. ఫ్యాను గాలి ముఖం మీద సూటిగా పడనివ్వకండి.

రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు, కిరణాలు మొదటి మూడు నెలల్లో చాలామందికి ఉంటాయి, ఎక్కువమందికి తగ్గుతాయి. కొద్దిమందికి మిగిలిపోతాయి, ఆ మాట దాచకూడదు.

ఎక్కడెక్కడ తేడా రావచ్చు

లాసిక్ మర్నాడు పరీక్షకి వెళ్ళకుండా "బాగానే కనబడుతోంది కదా" అనుకోకండి. ఫ్లాప్ కింద తెల్ల కణాలు చేరే వాపు మొదటి రోజుల్లో నొప్పి లేకుండానే మొదలవుతుంది. అప్పుడే పట్టుకుంటే స్టెరాయిడ్ చుక్కలు గంటకోసారి వేస్తే సరిపోతుంది. వదిలేస్తే ఫ్లాప్ ఎత్తి కడగాలి, ఆలస్యమైతే మచ్చ. ఫ్లాప్‌లో ముడత పడినా తొలి గంటల్లో, తొలి రోజుల్లో సరిచేయడం తేలిక.

ఉన్నట్టుండి చూపు తగ్గినా, తగ్గుతున్న నొప్పి మళ్ళీ పెరిగినా, ఎరుపు ముదిరినా, పుసి కట్టినా, కంటికి దెబ్బ తగిలినా రేపటిదాకా ఆగొద్దు. కొన్ని వారాల తర్వాత చూపు బాగానే ఉండి వెలుతురు మాత్రం భరించలేకపోవడం ఫెమ్టోసెకండ్ చేయించుకున్న కొందరికి వస్తుంది. స్టెరాయిడ్ చుక్కలతో తగ్గుతుంది.

కొంచెం పవర్ మిగిలినా, తిరిగొచ్చినా వెంటనే రెండోసారి చేయరు. పవర్ నిలకడపడేదాకా మూడు నుంచి ఆరు నెలలు ఆగి, మళ్ళీ అదే మైక్రాన్ల లెక్క వేసి, మందం మిగిలి ఉంటేనే.

దాచుకోవాల్సిన కాగితం

మైనస్ పోయినా పొడవాటి కనుగుడ్డు పొడవుగానే ఉంటుంది. రెటీనా చిరిగే ముప్పు ముందెంతో తర్వాతా అంతే. కాబట్టి ఏడాదికోసారి రెటీనా పరీక్ష మానొద్దు. కళ్ళముందు మెరుపులు, ఒక్కసారిగా నల్లచుక్కల గుంపు, పక్కనుంచి తెర దిగినట్టు కనిపిస్తే అదే రోజు వెళ్ళాలి.

ఇంకో రెండు సంగతులు. పలచబడ్డ కార్నియా మీద కంటి ఒత్తిడి ఉన్నదానికన్నా తక్కువగా చదువుతుంది. లేజర్ అయిన సంగతి తెలియని డాక్టరు నీటికాసులను గుర్తించకుండా వదిలేసే వీలుంది. తర్వాత ఎప్పుడో శుక్లాలు వచ్చి లోపల లెన్సు వేయాల్సినప్పుడు మామూలు లెక్క తప్పుతుంది. మైనస్‌కి లేజర్ చేయించుకున్నవారికి ఆ లెక్కతో వేస్తే కన్ను ప్లస్ వైపు మిగిలిపోతుంది. అందుకే ఆపరేషన్‌కి ముందున్న పవర్, కార్నియా వంపు కొలత, మందం, ఎన్ని మైక్రాన్లు చెక్కారో, ఆర్నెల్ల తర్వాత నిలిచిన పవర్, ఈ ఐదూ ఉన్న కాగితం అడిగి తీసుకోండి. ఒక ప్రతి ఫోన్‌లో, ఒకటి ఇంట్లో ముఖ్యమైన కాగితాల మధ్య పెట్టండి. అది అవసరపడేది పాతికేళ్ళ తర్వాత కావచ్చు.